కోఆలాలు తగ్గిపోతున్నాయా, ఎక్కువైపోయాయా? కంటికి కనిపించేదానికీ లెక్కకూ మధ్య ఉన్న చిక్కు

2025 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం నుంచి ఒక వార్త వచ్చింది. హెలికాప్టర్లలో తిరుగుతూ పైనుంచి తుపాకులతో వందలాది కోఆలాలను కాల్చి చంపారని. ఆ పని చేయించింది వేటగాళ్లు కాదు, సాక్షాత్తూ ప్రభుత్వమే. అదే ఏడాది సెప్టెంబర్‌లో పక్క రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్ కోఆలాల కోసం పెద్ద జాతీయ పార్కు పెడతామని, అందులో కలిసే 1,76,000 హెక్టార్ల అడవిలో కలప నరకడం ఆపేస్తున్నామని ప్రకటించింది. రెండు రాష్ట్రాల మధ్య ఉన్నది మ్యాపు మీద గీసిన సరిహద్దే. ఒక పక్కన తుపాకీ, ఇంకో పక్కన పార్కు. చదివేవాడికి బుర్ర తిరగదా?

ఇంకో అయోమయం కూడా ఉంది. విక్టోరియా రాజధాని మెల్‌బోర్న్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన తల్లిదండ్రులు చాలామంది, "అంతరించిపోతోందని పేపర్లో రాస్తారు, మాకైతే రోడ్డు పక్కనే కనిపించాయి" అంటుంటారు. వాళ్లు చూసింది నిజం, పేపర్లో రాసిందీ నిజమే. కోఆలాలు సులువుగా కనిపించే చోటుకీ, అవి క్షేమంగా ఉన్న చోటుకీ మనం అనుకున్నంత సంబంధం లేదు. ఎందుకు లేదో చూద్దాం.

జామాయిల్ ఆకు మీద బతికే జంతువు

చూడ్డానికి ఎలుగుబంటి పిల్లలా ఉన్నా కోఆలా ఎలుగుబంటి జాతి కాదు. కంగారూలాగే పిల్లను కడుపు సంచిలో పెంచే జంతువు. బతికున్న వాటిలో దీనికి దగ్గరి చుట్టం వాంబట్. తిండి దాదాపు మొత్తం యూకలిప్టస్ ఆకే. మన ఖమ్మం, ప్రకాశం జిల్లాల్లో పేపరు మిల్లుల కోసం జామాయిల్ పేరుతో వేసే తోటల్లో ఉండే రకాల్లోనే కోఆలా ఇష్టంగా తినేవీ ఉన్నాయి. అంటే చెట్టు మనకు తెలిసిందే, తినే జంతువే మన దగ్గర లేదు.

మన పశువులు జామాయిల్ ఆకు ముట్టవు. ఆ ఆకులో పోషకాలు తక్కువ, పీచు ఎక్కువ, పైగా విషపదార్థాలు. దాన్ని అరిగించుకోవడానికి కోఆలా పేగులో దాదాపు రెండు మీటర్ల పొడవుండే ఒక ప్రత్యేక భాగం ఉంది. అందులో ఉండే సూక్ష్మజీవులే అసలు పని చేస్తాయి. ఇంత కష్టపడి అరిగించుకున్నా వచ్చే శక్తి అంతంతమాత్రం. రోజుకు 18 నుంచి 20 గంటలు పడుకునేది అందుకే. ఈ పేగు సంగతి గుర్తుంచుకోండి, కింద రెండు మూడు చోట్ల దీనితో పని పడుతుంది.

'వల్నరబుల్', 'ఎండేంజర్డ్': ఈ ముద్రల వెనక ఉన్న లెక్క

ఈ మాటలు వార్తల్లో ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు కానీ వీటికి కొలతలున్నాయి. పదేళ్లలో లేదా మూడు తరాల్లో, రెండింటిలో ఏది ఎక్కువ కాలమైతే ఆ కాలంలో, ఒక జాతి 30 శాతం తగ్గితే 'వల్నరబుల్', అంటే ముప్పు మొదలైనట్టు. 50 శాతం తగ్గితే 'ఎండేంజర్డ్', అంటే అంతరించే ప్రమాదంలో పడ్డట్టు. 80 శాతం దాటితే పరిస్థితి చెయ్యి దాటుతున్నట్టు. వేరే ప్రమాణాలూ ఉన్నాయి, కోఆలా విషయంలో మాత్రం ప్రధానంగా నడిచింది ఈ తగ్గుదల లెక్కే.

ముప్పున్న జీవుల అంతర్జాతీయ జాబితా రెడ్ లిస్ట్‌లో కోఆలా 'వల్నరబుల్'. ఆస్ట్రేలియా జాతీయ చట్టం కింద క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, రాజధాని కాన్‌బెర్రా ప్రాంతాల్లోని కోఆలాలను 2012లో 'వల్నరబుల్' అన్నారు, 2022 ఫిబ్రవరిలో 'ఎండేంజర్డ్'కి మార్చారు. విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియా కోఆలాలకు ఆ చట్టంలో ఏ ముద్రా లేదు. ఒకే జంతువుకు మూడు హోదాలన్నమాట.

ఇదెలా కుదురుతుందో చిన్న లెక్కతో చూద్దాం. రెండు అడవులున్నాయనుకోండి. ఉత్తరపు అడవిలో 1,000 కోఆలాలుండేవి, మూడు తరాల్లో 400 అయ్యాయి. తగ్గుదల 60 శాతం. దక్షిణపు అడవిలో 1,000 ఉండేవి, ఇప్పటికీ 1,000 ఉన్నాయి. తగ్గుదల సున్నా. రెండూ కలిపితే 2,000 కాస్తా 1,400 అయ్యాయి, అంటే 30 శాతం. మొత్తం జాతిని చూసేవాడు 'వల్నరబుల్' అంటాడు, ఉత్తరం ఒక్కటే చూసేవాడు 'ఎండేంజర్డ్' అంటాడు, దక్షిణం వాడు "మాకు బాధేమీ లేదు" అంటాడు. ముగ్గురి లెక్కా సరైనదే.

అసలు అంకెలు కూడా దాదాపు ఇలాగే నడిచాయి. ప్రభుత్వానికి సలహా ఇచ్చే శాస్త్రవేత్తల కమిటీ అంచనా ప్రకారం క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, కాన్‌బెర్రా ప్రాంతాల్లో కలిపి 2001లో సుమారు 1,85,000 కోఆలాలుండగా 2021కి సుమారు 92,000 మిగిలాయి. సగం గీత సరిగ్గా అక్కడే ఉంది.

ఒక్కొక్కరు ఒక్కో సంఖ్య ఎందుకు చెబుతారు?

ఆస్ట్రేలియన్ కోఆలా ఫౌండేషన్ 2021లో దేశం మొత్తం మీద 32,000 నుంచి 58,000 మాత్రమే ఉన్నాయంది. ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ నడిపే జాతీయ పర్యవేక్షణ కార్యక్రమం 2024లో 2,24,000 నుంచి 5,24,000 మధ్య అని చెప్పింది. రెండింటి మధ్య తేడా ఎన్ని రెట్లో చూడండి. ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని అనుకోవడం సులువు. కానీ చెట్టు మీద కోఆలాను లెక్కపెట్టడం ఎంత కష్టమో తెలిస్తే ఈ తేడా మరీ అంత వింతగా అనిపించదు.

50 హెక్టార్ల అడవిలో పగలు ఒక బృందం నడిచి వెతికితే నాలుగు కనిపించాయనుకుందాం. అదే అడవి మీద రాత్రి చల్లబడ్డాక వేడిని పసిగట్టే కెమెరాతో డ్రోన్ ఎగరేస్తే పది దొరికాయి. చుట్టూ ఉన్న 5,000 హెక్టార్లూ ఇలాంటి అడవే అనుకుంటే మొదటి లెక్కన 400, రెండో లెక్కన 1,000. అంతలో ఎవరో, "ఆ 5,000లో సగం చోట్ల కోఆలా తినే చెట్టే లేదు" అన్నారు. అప్పుడు 1,000 కాస్తా 500 అవుతుంది. ఈలోగా ఒక్క కోఆలా పుట్టిందీ లేదు, చచ్చిందీ లేదు.

ఫౌండేషన్ తన అంచనాను ఆవాసాల మ్యాపులు, క్షేత్ర పరిశీలనల మీద నియోజకవర్గాల వారీగా కడుతుంది. సీఎస్ఐఆర్ఓ డ్రోన్లు, పెంటికల వాసన పట్టే శిక్షణ కుక్కలు, అరుపులు రికార్డు చేసే యంత్రాలు, జనం పంపే సమాచారం అన్నీ కలిపి గణిత నమూనాలో వేస్తుంది. పద్ధతి మెరుగయ్యేకొద్దీ ఇంతకుముందు కంటపడనివి కూడా లెక్కలోకి వస్తాయి. అంచనా పెరిగినంత మాత్రాన జనాభా పెరిగినట్టు కాదు. నా మటుకు నేను మొత్తం అంకె ఎంత అన్నదానికన్నా, ఒకే చోట ఒకే పద్ధతిలో పదేళ్ల తేడాతో చేసిన రెండు లెక్కలకే ఎక్కువ విలువ ఇస్తాను. అలాంటివి తక్కువే ఉన్నాయి, అదొక ఇబ్బంది.

ఉత్తరాన తరుగు, దక్షిణాన గుంపులు

ఈ తేడా ఈనాటిది కాదు. వందేళ్ల కిందట కోఆలా బొచ్చుకు విదేశాల్లో గిరాకీ ఉండేది. 1927లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం వేటకు అనుమతిస్తే ఐదు లక్షలకు పైగా కోఆలాలు చచ్చాయి. దక్షిణాన పరిస్థితి ఇంకా ఘోరం. విక్టోరియాలో కొద్దిపాటివి మిగిలాయి, సౌత్ ఆస్ట్రేలియాలో దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి.

విక్టోరియాకు కలిసొచ్చిందల్లా ఫ్రెంచ్ ఐలాండ్ అనే దీవి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఎవరో అక్కడ కొన్ని కోఆలాలను వదిలారు. అక్కడ వేటా లేదు, రోగమూ లేదు. అవి బాగా పెరిగి దీవిలో చెట్లు చాలని పరిస్థితి వస్తే, 1920ల నుంచి వేల సంఖ్యలో పడవలెక్కించి ప్రధాన భూభాగంలో అక్కడా ఇక్కడా దింపారు. ఈరోజు విక్టోరియాలో రోడ్డు పక్కన కనిపించే కోఆలాల్లో చాలావాటి మూలం ఆ దీవిలోని కొద్దిపాటి జంతువులే. సంఖ్య బాగానే పెరిగింది కానీ రక్తంలో వైవిధ్యం లేదు. మేనరికాల చిక్కు అన్నమాట.

సౌత్ ఆస్ట్రేలియాలోని కంగారూ ఐలాండ్ కథ దీనికి కొసమెరుపు. ఆ దీవిలో కోఆలాలు సహజంగా లేనేలేవు. 1920లలో ఇరవైకి లోపే తెచ్చి వదిలారు. 2019 నాటికి అవి దాదాపు 50,000 అయ్యాయి. చెట్లను బోడి చేస్తున్నాయని మధ్యలో కొన్ని వేల వాటికి సంతాన నిరోధక ఆపరేషన్లు కూడా చేశారు. ఆ తర్వాత 2019-20 కార్చిచ్చులో సుమారు సగం దీవి కాలిపోయింది, మిగిలినవి 8,500 దాకా అని అంచనా వేశారు. ఒకప్పుడు 'ఎక్కువైపోయాయి' అన్న గుంపునే ఇప్పుడు క్లమీడియా రోగం సోకని గుంపుగా భద్రంగా చూసుకోవాలంటున్నారు. సొంత ఊరు కాని చోట బయటి నుంచి తెచ్చిన జంతువు, ఒకరికి అడవికి చేటు, ఇంకొకరికి జాతికి బీమా.

బుడ్జ్ బిమ్‌లో తుపాకీ ఎందుకు పేలింది?

మొదట చెప్పుకున్న కాల్పులు జరిగింది విక్టోరియాలోని బుడ్జ్ బిమ్ జాతీయ పార్కులో. 2025 మార్చిలో పిడుగు పడి అక్కడ 2,000 హెక్టార్లకు పైగా అడవి కాలింది. అక్కడ కోఆలాలకు ప్రధాన ఆహారం మన్నా గమ్ అనే యూకలిప్టస్. నిప్పు చల్లారాక ఒళ్లు కాలినవి, ఆకు లేక చిక్కిపోయినవి చెట్ల మీదే ఉండిపోయాయి. రాళ్లూ గుట్టలూ ఉన్న లావా నేల, కాలి ఎప్పుడు కూలతాయో తెలియని చెట్లు. మనుషులు కాలినడకన వెళ్లి ఒక్కోదాన్నీ దింపే పరిస్థితి లేదని, బాధ తప్పించడానికి పైనుంచి కాల్చడమే దారని ప్రభుత్వం చెప్పింది.

వన్యప్రాణి సంరక్షకులు ఒప్పుకోలేదు. కదిలే హెలికాప్టర్‌లో కూర్చుని కింద కొమ్మ మీదున్న జంతువు బతకగలదో లేదో ఎలా తేల్చారన్నది మొదటి ప్రశ్న. తల్లిని కాలిస్తే సంచిలో ఉన్న పిల్ల గతేమిటన్నది రెండోది. మూడోదే లోతైనది. ఆ చుట్టుపక్కల కాగితపు గుజ్జు కోసం బ్లూ గమ్ తోటలు వేశారు. మనం నీలగిరి తైలం తీసే చెట్టు అదే. ఆకు దండిగా ఉండటంతో కోఆలాలు తోటల్లో చేరి పెరుగుతాయి. పదీ పదిహేనేళ్లకు తోట నరికేస్తారు. అప్పుడు అవన్నీ ఎక్కడికి పోవాలి? పక్కనున్న పార్కులోకే. చిన్న అడవిలో అన్ని జంతువులు కిక్కిరిసి ఉండటమే అసలు జబ్బు, నిప్పు దాన్ని బయటపెట్టిందని వాళ్ల వాదన.

విక్టోరియాలోనే కేప్ ఆట్‌వేలో ఇంతకుముందే ఇలాంటిది జరిగింది. అక్కడ హెక్టారుకు పదికి పైగా కోఆలాలు చేరి మన్నా గమ్ చెట్లను మోడు చేసి ఆకలితో మాడిపోయాయి. 2013-14లో దాదాపు 700 కోఆలాలకు ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీశారు. ఆ సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది 2015లో. కళ్ల ముందు నకనకలాడి చచ్చేదాన్ని అలా వదిలేయడం దయ అనిపించుకోదన్నది ఒక వైపు, ఇరవై ఏళ్లుగా ఊహించదగిన సమస్యకు ఆఖరి నిమిషంలో చావునే మందుగా వాడటం చేతకానితనమన్నది ఇంకో వైపు. రెండో మాటలోనే నాకు బలం ఎక్కువ కనిపిస్తుంది కానీ, ఆరోజు ఆ చెట్టు కింద నిలబడ్డ పశువైద్యుడికి ఆ మాట ఏ సాయమూ చేయదు.

లారీ ఎక్కించి ఉత్తరానికి పంపితే?

అందరికీ వచ్చే అనుమానమే ఇది. అక్కడ ఎక్కువున్నాయి, ఇక్కడ తక్కువున్నాయి, సర్దేస్తే సరిపోదా?

ఇక్కడే పేగు సంగతి అడ్డం వస్తుంది. కేప్ ఆట్‌వేలో మన్నా గమ్ అయిపోయినప్పుడు పక్కనే మెస్‌మేట్ అనే వేరే యూకలిప్టస్ నిండా ఆకుతో ఉంది. అయినా చాలా కోఆలాలు దాన్ని తినలేక చనిపోయాయి. ఒక రకం ఆకుకు అలవాటైన సూక్ష్మజీవులు వేరే రకాన్ని అరిగించలేవు. పిల్ల కోఆలా పాలు మానే ముందు తల్లి విసర్జించే మెత్తటి ముద్దలాంటి పదార్థాన్ని తిని ఆ సూక్ష్మజీవులను సంపాదించుకుంటుంది. అంటే ఏ ఆకు తినగలదన్నది చాలావరకు తల్లి దగ్గరే తేలిపోతుంది. మెస్‌మేట్ తినే కోఆలాల పెంటికల నుంచి క్యాప్సూల్స్ చేసి మింగిస్తే కొన్నింటి పేగులో సూక్ష్మజీవులు మారాయని పరిశోధకులు 2019లో చూపించారు. ఆశ కలిగించే విషయమే. వేల జంతువులకు చేసే పని మాత్రం కాదు.

పైగా దక్షిణపు కోఆలా ఒళ్లు పెద్దది, బొచ్చు దట్టం, చలికి తగినట్టు ఉంటుంది. క్వీన్స్‌లాండ్ ఎండకు అదెలా తట్టుకుంటుంది? అన్నిటికన్నా ముందు అడగాల్సింది, ఉత్తరాన అవి ఎందుకు తగ్గాయి? అడవి నరికి ఇళ్లు, పొలాలు చేశారు, రోడ్లు వేశారు, కుక్కలు పెరిగాయి, రోగం పాకింది. ఆ కారణాలు అలాగే ఉండగా కొత్తవాటిని తెచ్చి దింపితే అవీ అలాగే పోతాయి.

రోగానికి టీకా వచ్చింది, అయినా

క్లమీడియా కోఆలాల మధ్య సంభోగం ద్వారా, తల్లి నుంచి పిల్లకూ సోకే బ్యాక్టీరియా జబ్బు. కళ్లు ఎర్రబడి వాచి చూపు పోతుంది, మూత్రనాళం పాడవుతుంది, ఆడవాటికి పిల్లలు పుట్టరు. యాంటీబయాటిక్స్ ఇస్తే ఇంకో తంటా: అవి పేగులోని సూక్ష్మజీవులను కూడా చంపేస్తాయి. రోగం తగ్గినా ఆకు అరగక ఆకలితో చావొచ్చు.

యూనివర్సిటీ ఆఫ్ ద సన్‌షైన్ కోస్ట్ తయారు చేసిన ఒకే డోసు టీకాకు 2025 సెప్టెంబర్‌లో అనుమతి వచ్చింది. అడవి గుంపుల్లో ఈ రోగంతో చావులను కనీసం 65 శాతం తగ్గించిందని చెప్పారు. కానీ టీకా వేయాలంటే ముందు ఎత్తైన చెట్టు మీదున్న కోఆలాను దింపాలి, ఒక్కొక్కదాన్నీ. అందుకే ముందుగా ఆస్పత్రులకు వచ్చేవాటికీ, ముప్పు ఎక్కువున్న గుంపులకూ వాడతారు. ఇక న్యూ సౌత్ వేల్స్ పార్కు విషయంలో కలప పనివాళ్లు ఉపాధి గురించి గొడవ పెడుతున్నారు. అడవి ప్రేమికులేమో, రాష్ట్ర శాసనసభ విచారణ 2020లోనే "ఇలాగే వదిలేస్తే 2050కి ముందే రాష్ట్రంలో కోఆలా ఉండదు" అని చెప్పింది కదా, ఇంత ఆలస్యమా అంటున్నారు.

కోఆలా కనిపించింది. దాని అర్థమేమిటి?

2021 జనగణన ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 59 వేలకు పైనే. మెల్‌బోర్న్ శివార్లలోని వెరిబీ, టార్నీట్ వైపు ఉండే తెలుగు కుటుంబాలకు యూ యాంగ్స్ కొండలు పెద్ద దూరం కాదు, అక్కడ అడవి కోఆలాలున్నాయి. ముక్కు దగ్గరి తెలుపు, గులాబీ మచ్చలను బట్టి ఒక్కోదాన్నీ గుర్తుపట్టి ఏళ్ల తరబడి వెంబడిస్తున్న వాళ్లు కూడా ఉన్నారు. గ్రేట్ ఓషన్ రోడ్ మీద కెన్నెట్ రివర్ దగ్గర కార్లు ఆగేదీ వీటి కోసమే. పెయిన్స్‌విల్ నుంచి ఫెర్రీలో దాటి వెళ్లే రేమండ్ ఐలాండ్‌లో అయితే ఊళ్లో వీధుల్లోనే కనిపిస్తాయి. అక్కడ వాటిని వదిలింది 1953లో. చెట్లు చాలక, సంతాన నియంత్రణ చేయాల్సి వచ్చిన చోటు అది. టూరిస్టుకు పండగ, చెట్టుకు టెన్షన్.

దీనికి ఎదురుగా న్యూ సౌత్ వేల్స్‌లోని గన్నెడాను పెట్టి చూడండి. తనను తాను ప్రపంచ కోఆలా రాజధాని అని పిలుచుకున్న ఊరు. కరువు, 2009 వడగాలులు, ఆపైన క్లమీడియా కలిసి అక్కడి గుంపును దెబ్బతీశాయి. అలాగని సులువుగా కనిపించే చోటల్లా కిక్కిరిసిన చోటే అనుకోకూడదు. క్వీన్స్‌లాండ్‌లోని మాగ్నెటిక్ ఐలాండ్‌లో ఫోర్ట్స్ వాక్ దారిలో నడిస్తే కోఆలా కనబడే అవకాశం బాగానే ఉంటుంది, చట్టం ప్రకారం అవి మాత్రం 'ఎండేంజర్డ్' గుంపులో భాగమే.

చూసినప్పుడు ఎలా ఉందన్నది కూడా చాలా చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న కోఆలా మామూలుగా కొమ్మల చీలికలో ముడుచుకుని, బూడిదరంగు వీపుతో బెరడులో కలిసిపోయి ఉంటుంది. అలవాటున్న వాళ్లు ముందు పైకి చూడరు, నేల చూస్తారు. ఖర్జూర గింజంత పెంటికలు పడి ఉన్నాయా, నలిపితే జామాయిల్ వాసన వస్తుందా, మాను మీద గోళ్ల గీరుళ్లున్నాయా అని. ఎండ మండిపోయే రోజున అది కిందికి దిగి చల్లగా ఉండే మానుకు అతుక్కుంటుంది, ఫొటోకు బాగా దొరుకుతుంది. పట్టపగలు నేల మీద కూర్చుని మనిషి దగ్గరికొచ్చినా కదలకపోతే అది మచ్చిక కాదు, చాలాసార్లు జబ్బో దాహమో. పిరుదుల దగ్గర గోధుమరంగు తడి మరక, పుసులు కట్టిన కళ్లు క్లమీడియా గుర్తులు. దాహంగా ఉందని జాలిపడి తలెత్తించి బాటిల్‌తో నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, గిన్నెలో పెట్టమని వైద్యులు చెప్పేది అందుకే. మామూలుగా వాటికి ఆకులోని తేమే ఆధారం. వానపడ్డప్పుడు మాను మీద జారే నీటిని నాకి తాగడాన్ని పరిశోధకులు ఎక్కువగా యూ యాంగ్స్‌లోనే గమనించారు.

జనం పంపే ఫొటోలు లెక్కకు పనికొస్తాయి, ఒక షరతు మీద. ఫొటోలన్నీ రోడ్ల పక్క నుంచి, ఊళ్ల అంచుల నుంచి, శని ఆదివారాల్లో వస్తాయి. వాటినే మ్యాపు మీద పెడితే కోఆలాలు ఎక్కడున్నాయో ఎంత తెలుస్తుందో, మనుషులు ఎక్కడ తిరుగుతున్నారో కూడా అంతే తెలుస్తుంది. అందుకే పద్ధతి ప్రకారం చేసే సర్వేల్లో ముందే గీసుకున్న దారుల్లో నడిచి, ఎంతసేపు వెతికారో, ఎన్ని చెట్లు చూశారో, ఏమీ కనబడని చోట సున్నా అని కూడా రాస్తారు.